షెడ్డులో పెట్టిన కారుకి నెమ్ము, గీతలు: సమస్య - పరిష్కారం

సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడే బయటికి తీసే కార్లు మా కోనసీమలో చాలా ఉన్నాయి. మిగతా రోజులన్నీ షెడ్డులోనే. కారు మీద ప్రేమతో తలుపులు బిగించి, పైన టార్పాలిన్ కప్పేస్తాం. నేనూ అదే చేశాను. రెండు నెలల తర్వాత తీస్తే పట్టా లోపలివైపంతా నీటి చుక్కలు, సీట్ల మీద బూజు.

తలుపు తీయగానే ముక్క వాసన, సీట్ల మీద తెల్లటి మచ్చలు

ముందు తేమ ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోండి. రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. కాగితం కింద చెమ్మ ఉంటే అది నేలలోంచి వస్తోంది. పైన ఉంటే గాలిలోంచి.

డెల్టాలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. కాలువలు వదిలాక, వానలు పడ్డాక గచ్చు ఇంకా నెమ్మెక్కుతుంది. నేల తేమకి మందపాటి పాలిథిన్ షీటు పరిచి, దాని మీద రబ్బరు మ్యాట్లు వేసి కారు నిలపండి. గాలి తేమకైతే పొడిగా ఉన్న మధ్యాహ్నాల్లో షెడ్డు తలుపులు తీసిపెట్టాలి. మంచు పడే తెల్లవారుజామున మాత్రం తీయొద్దు. రేకుల షెడ్డయితే ఆ వేళకి రేకు కిందే చుక్కలు కడతాయి, అవి కారు మీద పడకుండా చూసుకోండి.

కారు లోపల తేమ పీల్చే డబ్బా పెడితే మంచిదే. అందులో చేరేది ఉప్పు నీరు, ఒలికితే ఇనుము తినేస్తుంది. కాబట్టి బేసిన్‌లో పెట్టి, నిండకముందే పారబోయండి. పట్టిన బూజుని ముక్కుకి మాస్కు కట్టుకుని, పలచని సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, తలుపులు తెరిచి ఎండలో ఆరనివ్వండి.

కారు కదలదు, చక్రం పట్టేసింది

తడి బ్రేకులతో హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేస్తే తుప్పుతో అతుక్కుంటాయి. కడిగాక పది నిమిషాలు తిప్పి, అప్పుడు షెడ్డులో పెట్టండి. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో ఉంచి, చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. డిస్కు మీద పలచటి తుప్పు నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. గరగర ఆగకపోతే మెకానిక్‌కి చూపించాల్సిందే.

బాడీ మీద గీతలు

సాలెగూడులా సన్నటి గీతలుంటే కారణం కవరు కింద దుమ్ము అయ్యుండొచ్చు. గాలికి కవరు కదిలినప్పుడల్లా అది గరుకు కాగితంలా రుద్దుతుంది. కడిగి, పూర్తిగా ఆరాక, గాలి ఆడే గుడ్డ కవరు వేయండి. ఒకే ఎత్తులో పొడుగు గీతలుంటే పక్కన పెట్టిన సైకిలు హ్యాండిలో, ధాన్యం బస్తాలు దింపినప్పుడు రాసుకున్నవో అయ్యుంటాయి. వాటికి వేరే చోటు చూడండి. తలుపు తగిలే ఎత్తులో గోడకి పాత రబ్బరు మ్యాటు కొట్టండి.

గోరు ఆనని గీత పాలిష్‌తో పోతుంది. లోహం కనిపిస్తే వెంటనే టచప్ పెయింటు వేయండి, ముఖ్యంగా అంతర్వేది వైపు ఉప్పుగాలి ఊళ్లలో.

బ్యాటరీ

నెలల తరబడి వదిలేస్తే నెగటివ్ టెర్మినల్ విప్పేయండి. స్పానర్ మాత్రం షెడ్డులోనే, చేతికందే చోట ఉంచండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే, నది మధ్య లంక ఊళ్లవాళ్లు ఆ వైరు బిగించి కారుని వెంటనే మెరకకి చేర్చాలి.