జరిగే గదుల ఇల్లు: ముందు అట్టతో

గదులను గళ్లలో అటూ ఇటూ జరిపి అమరిక మార్చుకునే ఇంటికి పిల్లలతో చేసే నమూనా ఇది. 1:20 కొలతలో 3 మీటర్ల గది 15 సెం.మీ. ఘనం. 5 మి.మీ. అట్టతో ఆరు గదులు చేయండి, కప్పు వద్దు. నాలుగు గోడలూ 15 వెడల్పుకే కోస్తే గది ఒకవైపు 16 అయి, కింద చెప్పిన 15.3 గడిలో ఇరుక్కుంటుంది; రెండు 15, రెండు 14 కోసి, 14వి 15వాటి మధ్యలో అతికించండి. నేల 14×14.

గుమ్మం 4.5 సెం.మీ. వెడల్పు, గోడకు సరిగ్గా నడుమ. పక్కకు జరిగితే ఎదురు గదుల గుమ్మాలు కలవవు.

62×47 ప్లైవుడ్‌పై 15.3 సెం.మీ. గళ్లు పన్నెండు గీయండి. సగం ఖాళీ ఉంటేనే పిల్లలు హాయిగా జరుపుతారు. వంటగది, స్నానాలగది మాత్రం కదపకండి, నిజమైన ఇంట్లో వాటికి గొట్టాలుంటాయి.

బరంపురం వైపు నిజంగా కడితే ప్రతి గదినీ పునాదికి బోల్టులతో బిగించాల్సిందే: 2013లో ఫైలిన్ తుపాను తీరం దాటింది ఆ పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే.