గూడెం ఆరోగ్య పాఠాలు – 3: నీళ్లతో వచ్చిందా, చేతులతో వచ్చిందా?

గత పాఠంలో పొట్ట మీద చర్మం గిల్లి వదిలి, ఒంట్లో నీరు ఎంత తగ్గిందో చూడటం నేర్చుకున్నాం. ఈసారి, గూడెంలోకి విరేచనాలు ఎటునుంచి వచ్చాయో పోల్చుకోవడం. పరీక్షలు చేసే ల్యాబ్ పాడేరులోనో విశాఖలోనో ఉంటుంది. మీ దగ్గరున్నవి కళ్లు, ఒక నోటుపుస్తకం. వాటితోనే చాలా తెలుస్తుంది.

"ఎన్నిసార్లు అయింది?" అని అందరం అడుగుతాం. "ఎలా అయింది?" అని అడగడానికి మొహమాటం. అడగండి, వీలైతే చూడండి.

బియ్యం కడిగిన నీళ్లలా, పెద్దగా నొప్పి లేకుండా, చెంబుతో పోసినట్టు అవుతుంటే కలరా అనుమానం. దిట్టంగా ఉన్న మనిషికి కూడా కొన్ని గంటల్లోనే కళ్లు లోతుకు పోతాయి. కలరా క్రిమి పేగు గోడను కొరకదు. దానికి అంటుకుని విషం వదులుతుంది. ఆ దెబ్బకి పేగే ఒంట్లో నీటిని బయటికి తోడేస్తుంది. అందుకే నెత్తురు కనిపించదు. ఈ విషం సంగతి 1959లో కలకత్తాలో కుందేళ్ల పేగుల మీద ప్రయోగాలు చేసి చూపించింది శంభునాథ్ డే. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకాస్త గట్టిగా వినపడాల్సింది.

షిగెల్లా అనే క్రిమి పద్ధతి వేరు. పేగు గోడలోకి దూరి పుండు చేస్తుంది. జ్వరం, మెలిపెట్టే నొప్పి, ఎంత ముక్కినా చెంచాడే రావడం, అందులో బంక, నెత్తురు చారలు. ఊళ్లో 'బంక విరేచనాలు' అన్నారంటే చెవి అటు పెట్టండి.

ఇక విషం వదిలే రకం ఈ.కోలై క్రిమి. పిల్లలకు ఉత్త నీళ్ల విరేచనాలు తెస్తుంది. కంటితో చూస్తే రోటావైరస్‌కీ దీనికీ తేడా తెలియదు. తెలియకపోయినా టెన్షన్ వద్దు, పిల్లలకు చేసేది ఒకటే: ఓఆర్‌ఎస్, 14 రోజులు జింక్.

ఇప్పుడు అసలు కిటుకు. షిగెల్లా జబ్బు చేయడానికి 10 నుంచి 100 క్రిములు చాలు. గోటి సందులో అంతకంటే ఎక్కువే పడతాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిని కలరా పడగొట్టాలంటే మామూలుగా లక్షలు, కోట్లు కావాలి. అన్ని క్రిములు లోపలికి పోవాలంటే తాగే నీళ్లో, నిలవున్న తిండో ఉండాలి.

అందుకని నోటుపుస్తకంలో గూడెం పటం గీయండి. ఇంటికో చుక్క. ఏ ఇల్లు ఏ నీళ్లు తాగుతుందో, ఊటా, గెడ్డా, బోరా, అక్కడికి గీత. జబ్బుపడ్డ ప్రతి మనిషి పక్కన మొదలైన రోజు. ఒకే ఊట తాగే ఇళ్లలో రెండు మూడు రోజుల్లో పెద్దా చిన్నా కలిసి పడితే, ముందు ఊట దగ్గరికి నడవండి, ఎగువన ఏముందో చూడండి. అలా కాకుండా ఒకే ఇంట్లో పిల్లాడు, రెండ్రోజులకు వాడి చెల్లి, ఆ తర్వాత వాళ్లకు అంబలి తాగించే నానమ్మ పడ్డారనుకోండి, చేతుల మీద అనుమానం.

పటం అనుమానం వరకే. షిగెల్లా నీళ్లలోనూ రాగలదు. తేల్చాల్సింది మలం కల్చర్ పరీక్ష, అంటే మలంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటం. ఆ నమూనా కుదిరితే యాంటీబయాటిక్ వేయకముందే తీయాలి. నెత్తురు పడినా, పెద్దవాళ్లు గంటల్లో నీరసించిపోయినా పీహెచ్‌సీకి వెంటనే ఫోన్ చేయండి, పటం తర్వాత పూర్తిచేసుకోవచ్చు. ఓఆర్‌ఎస్ తాగించడం మాత్రం దేనికోసమూ ఆపకండి.

ఇంటిపని: 12 ఇళ్ల గూడెం ఊహించుకోండి. 5 ఇళ్లు ఎగువ ఊట నీళ్లు, 7 ఇళ్లు దిగువన గెడ్డలో తవ్విన చెలమ నీళ్లు తాగుతాయి. మంగళవారం రాత్రి వాన. గురు, శుక్రవారాల్లో ఆరుగురికి నీళ్ల విరేచనాలు, ఎవరికీ నెత్తురు లేదు. ఐదుగురు చెలమ నీళ్లు తాగేవాళ్లు. ఆరో మనిషి ఊట దగ్గరి ఇంటి కోడలు. పటం గీసి, ఆమెను మీరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో కింద రాయండి. నాలుగో పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.