శిలాజాల కోసం క్వారీకి వెళ్తున్నారా?

గోదావరి జిల్లాల్లో పంగిడి, గౌరీపట్నం వైపు నల్లరాతి క్వారీలకు ఫ్రెండ్స్‌తో వెళ్లేవాళ్లకు ఒక మాట. నల్లరాయిలో వెతకొద్దు, అది గడ్డకట్టిన లావా. రెండు లావా పొరల మధ్య లేతరంగు సున్నపురాయి పొర ఉంటుంది, సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి గుల్లలు, ఆలిచిప్పలు దొరికేది అందులోనే. ఆ పొర కోసం క్వారీ గోడ కిందికి మాత్రం వెళ్లకండి, పైనుంచి ఎప్పుడు రాయి జారుతుందో చెప్పలేం. పారబోసిన రాళ్లకుప్పల అంచుల్లోనే కావలసినంత సరుకు ఉంటుంది. యజమానిని అడిగి, బ్లాస్టింగ్ లేని రోజే వెళ్లండి.

పొద్దున్నే వెళ్తే మంచిది. ఏటవాలు ఎండలో గుల్ల మీది సన్నటి గీతలు నీడలతో సహా తేలి కనిపిస్తాయి, మిట్టమధ్యాహ్నం అదే రాయి చదునుగా కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే కాసిని నీళ్లు చల్లి చూడండి.

దొరికింది అక్కడే శుభ్రం చేయాలని సుత్తి ఎత్తకండి, చుట్టూ రాయి ఉండగానే పాత పేపర్లో చుట్టండి. ఏ క్వారీ, ఏ కుప్ప, ఏ తేదీ అన్నది చీటీ మీద రాసి లోపల పెట్టండి. దయచేసి ఇదొక్కటి మానకండి, చీటీ లేని శిలాజం జియాలజీ వాళ్లకు దాదాపు పనికిరాదు.