నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటున్నారా? లోపం పంటిదా, మనసుదా?

ఫొటో తీస్తుంటే పెదాలు బిగించడం, జవాబు తెలిసినా క్లాసులో నోరు మెదపకపోవడం, పెళ్ళిచూపులంటే తప్పించుకు తిరగడం. వీటిని చూసి ఇంట్లోవాళ్ళు ఇచ్చే సలహా ఒకటే: "కాస్త ధైర్యంగా ఉండు." పంటి మీద చారకు ధైర్యం మందు కాదు. మనసులో దిగులుకు పళ్ళ డాక్టరు దగ్గర మందు దొరకదు. ఏది దేన్నుంచి వచ్చిందో ముందు తేల్చుకోవాలి.

సమస్య: ముందు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు. ఎంత తోమినా పోవు.

కారణం: చారలు అడ్డంగా ఉండి, కుడివైపు పన్ను మీద ఉన్నట్టే ఎడమవైపు జంట పన్ను మీదా ఉంటే ఫ్లోరోసిస్ కావచ్చు, అంటే తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై వచ్చే జబ్బు. ఒక్క పన్నే నల్లబడితే అది పుప్పి గానీ పాత దెబ్బ గానీ అయివుంటుంది. టీ, గుట్కా మరకలు క్లీనింగ్‌తో చాలావరకు పోతాయి. ఫ్లోరోసిస్ చార పోదు, ఎందుకంటే అది పన్ను పైన అంటుకున్నది కాదు, పన్నుతోపాటే తయారైంది. నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. సుమారు ఎనిమిదేళ్ళ లోపు, చిగుళ్ళ లోపల పళ్ళు రూపుదిద్దుకునే వయసులో, అంతకు మించి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగితే పంటి పైపొర, అంటే ఎనామిల్, సరిగా గట్టిపడదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే గుర్తించారు. కనిగిరి, పొదిలి, మర్రిగూడ, మునుగోడు వైపు జనానికి ఇది తరాల కథ. తెలంగాణలోని మర్రిగూడ, మునుగోడు వైపు మిషన్ భగీరథ తాగునీటి పథకంతో కృష్ణా నీళ్ళు ఇంటికొచ్చినా, చిన్నప్పుడు బోరు నీళ్ళు తాగినవాళ్ళ చారలు అలాగే ఉంటాయి.

అసలు దెబ్బ రంగుది కాదు. చూసినవాళ్ళు "పళ్ళు తోముకోడు" అని తీర్మానించేస్తారు. హాస్టల్లో పేరు పెడతారు. రోజూ రెండుసార్లు తోముకునే పిల్ల కూడా తప్పు తనదే అనుకుంటుంది. కాబట్టి మొదటి మందు నిజం చెప్పడం: ఇది మురికి కాదు, అంటుకోదు, వంశపారంపర్యం కాదు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఉందంటే ఇద్దరూ తాగిన నీళ్ళు ఒకటే కాబట్టి.

పరిష్కారం: నిమ్మరసం, ఉప్పు, బొగ్గు, ఇటుకపొడి జోలికి వెళ్ళొద్దు. ఎనామిల్ అరిగితే లోపలి పసుపు పొర ఇంకా బయటపడుతుంది, పళ్ళు జివ్వుమంటాయి. చార పైపైన ఉంటే డాక్టరు సన్నని పొరను రుద్ది తీసే మైక్రో అబ్రేషన్ చేస్తారు, అవసరమైతే బ్లీచింగ్ కలుపుతారు. లోతుగా ఉంటే పంటి రంగు కాంపోజిట్ పూత వేస్తారు. పన్ను ముందు అతికించే పలుచని పెంకులు (వెనీర్లు), పన్నంతా కప్పే తొడుగులు (క్యాపులు) చివరి మాట. వాటి కోసం చాలాసార్లు పన్ను అరగదీస్తారు, అది తిరిగి రాదు. పద్దెనిమిదేళ్ళ లోపు వాటికి తొందరపడొద్దు. ప్రైవేటు ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ విజయవాడలోనూ ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి.

ఇంట్లో చిన్నపిల్లలుంటే తాగునీరు పరీక్ష చేయించండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరు చాలామేరకు తీసేస్తుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ జిల్లాకు అలాంటి కీర్తి రావడం బాధాకరమే.

రంగు మారాక కూడా కొన్నాళ్ళు చెయ్యి నోటికి వెళుతూనే ఉంటుంది. ఏళ్ళ అలవాటు మరి, కంగారుపడక్కర్లేదు.

సమస్య: రంగు బాగుపడినా తృప్తి లేదు. లేదా నోరు వాసనొస్తోందని భయం.

వాసన చాలావరకు నాలుక వెనకభాగం పాచి నుంచి, చిగుళ్ళ జబ్బు నుంచి వస్తుంది. నాలుక గీసుకోండి, గార తీయించుకోండి, రాత్రి కూడా తోముకోండి. మొహమాటం లేకుండా చెప్పే ఒకరిని అడగండి. వాళ్ళూ డాక్టరూ "వాసన లేదు" అన్నా భయం వదలకపోతే, గంటకోసారి అద్దంలో అదే పన్ను చూసుకుంటుంటే, ఇంకో క్లినిక్‌కు పరుగెత్తొద్దు. అక్కడ చేసే ఏ పనీ సరిపోయినట్టు అనిపించదు. చూపించుకోవాల్సింది మానసిక వైద్యుడికి. మాటల చికిత్సకూ మందులకూ ఇది లొంగుతుంది.

సమస్య: మనిషి దిగులుగా ఉన్నాడు, పళ్ళు తోమడం మానేశాడు.

ఇక్కడ కారణం మనసు, పళ్ళు దాని ఫలితం. తిట్టొద్దు. పూటకు రెండు నిమిషాలు కాకపోతే అరనిమిషం తోమినా నయమే. పొద్దున్నే దవడ నొప్పి ఉంటే నిద్రలో పళ్ళు కొరుకుతున్నారేమో చూపించండి, రాత్రి పళ్ళకు తొడిగే నైట్ గార్డ్ వాటిని అరగకుండా కాపాడుతుంది. డిప్రెషన్ మందుల్లో కొన్ని నోరు ఎండగడతాయి, దాంతో పుప్పి త్వరగా పడుతుంది. మందు సొంతంగా ఆపొద్దు. నీళ్ళు గుటకలుగా తాగుతూ, ఆ మందుల పేర్లు పళ్ళ డాక్టరుకు చెప్పండి. డాక్టరు దగ్గరికే వెళ్ళలేని స్థితి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, పిలుపు ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.