హెడ్‌ఫోన్ పెట్టే ముందు మీటరు పెట్టండి

జేబులో పట్టే హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్ సొంతంగా చేసుకోవాలనుకుంటే చూ మోయ్ డిజైన్‌తో మొదలుపెట్టండి, ఆయన పేరు మీదే దాన్ని సీమోయ్ అంటారు. 9 వోల్టుల బ్యాటరీ, ఎనిమిది కాళ్ల డ్యూయల్ ఆప్‌ఆంప్ చిప్ (సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫైయర్లు రెండు ఒకే చిప్‌లో), కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే నాబ్), రెండు జాక్‌లు ఉంటే చాలు. కట్టడం ఒక్కరోజు పని. అయితే ఆన్ చేశాక శబ్దం రాకపోతే ఎక్కడ వెతకాలో తెలియక చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. అందుకే ఇక్కడ కొలవడం గురించే ఎక్కువ చెబుతాను.

ముందు పవర్. బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య రెండు 4.7 కిలోఓం రెసిస్టర్లు వరుసగా పెట్టండి. అవి కలిసే చోటే మన గ్రౌండ్, అంటే కొలతలన్నిటికీ సున్నా. బ్యాటరీ మైనస్ గ్రౌండ్ కాదు, ఈ ఒక్క ముక్క మర్చిపోతే మిగతాదంతా తప్పుతుంది. ఒక్కో రెసిస్టర్‌కి అడ్డంగా 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి: పైదాని ప్లస్ కాలు బ్యాటరీ ప్లస్‌కి, కిందిదాని ప్లస్ కాలు గ్రౌండ్‌కి. చిప్ పెట్టకముందే మల్టీమీటరుతో గ్రౌండ్ నుంచి బ్యాటరీ ప్లస్‌కీ, మైనస్‌కీ కొలవండి, రెండు వైపులా దాదాపు 4.5 వోల్టులు రావాలి. రాకపోతే అక్కడే ఆగండి.

చిప్‌ని నేరుగా సోల్డర్ చేయకుండా సాకెట్ వాడండి. 8వ కాలు ప్లస్, 4వది మైనస్, ఈ రెంటి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వీలైనంత దగ్గరగా ఉండాలి. ఎడమ చానెల్‌కి, పాట్ మధ్య కాలు నుంచి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా 3వ కాలుకి, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 100 కిలోఓం. 2వ కాలు నుంచి 1వ కాలుకి 10 కిలోఓం, 2వ కాలు నుంచి గ్రౌండ్‌కి 1 కిలోఓం. 1వ కాలు అవుట్‌పుట్. కుడి చానెల్‌కి ఇదే పని 5, 6, 7 కాళ్లతో. ఈ విలువలతో శబ్దం 11 రెట్లు పెరుగుతుంది. మామూలు ఇయర్‌ఫోన్లకి అది మరీ ఎక్కువ, పాట్ కొంచెం తిప్పగానే చెవులు దద్దరిల్లుతాయి, వెనక స్స్‌మనే శబ్దం కూడా వస్తుంది. 1 కిలోఓం బదులు 4.7 కిలోఓం పెడితే 3 రెట్లకి దిగుతుంది, నేనైతే అదే పెడతాను.

ఇప్పుడు అసలు పరీక్ష. హెడ్‌ఫోన్ పెట్టకుండా, వాల్యూమ్ సున్నాలో ఉంచి, మీటరు నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద, ఎర్రది 1వ కాలు మీద, తర్వాత 7వ కాలు మీద పెట్టండి. డీసీ వోల్టేజి 20 మిల్లీవోల్టుల లోపు ఉంటే బాగున్నట్టే. 50 దాటితే మాత్రం హెడ్‌ఫోన్ పెట్టకండి, ఆ డీసీ కాయిల్‌ని ఒక పక్కకి నెట్టేసి వేడెక్కిస్తుంది. ఏకంగా 3, 4 వోల్టులు కనిపిస్తే ఆ 10 కిలోఓం ఊడి ఉంటుంది, లేదా 100 కిలోఓం గ్రౌండ్‌కి అంటలేదు. అప్పుడు బ్యాటరీ తీసేసి, రెండు చానెళ్లలో అవే చోట్ల ఓంలు కొలిచి పోల్చండి. బాగున్న చానెలే మీకు మ్యాప్, తేడా ఎక్కడ వస్తే తప్పు అక్కడే.

ఒకసారి ఓపీఏ2134 అనే ఆప్‌ఆంప్ చిప్ తీసి అదే సాకెట్లో ఎన్ఈ5532 అనే ఇంకోటి పెట్టాను, వైరింగ్ ఏమీ ముట్టుకోలేదు, అయినా డీసీ 200 మిల్లీవోల్టులు దాటింది. గంటసేపు సోల్డర్ చుక్కలన్నీ మళ్లీ కరిగించాను. తప్పు అక్కడ లేదు. ఓపీఏ2134 ఇన్‌పుట్ కాలు కరెంటు దాదాపు లాగదు, ఎన్ఈ5532 మాత్రం సుమారు 200 నానోఆంపియర్లు లాగుతుంది. అది 100 కిలోఓం మీద 20 మిల్లీవోల్టులవుతుంది, అప్పుడు అందులో 1 కిలోఓమే ఉంది కాబట్టి ఆపైన 11 రెట్లు! ఆ చిప్పే వాడాలంటే 100 కిలోఓం బదులు 10 కిలోఓం పెట్టి, బాస్ తగ్గకుండా ఇన్‌పుట్ కెపాసిటర్‌ని 1 మైక్రోఫారడ్‌కి పెంచండి.

పాట పెట్టకపోయినా చిప్ కాలిపోతుంటే అది ఆసిలేట్ అవుతుండొచ్చు, అంటే ఇన్‌పుట్ లేకుండానే తనంతట తాను సిగ్నల్ పుట్టించుకుంటోంది. ముందు 4, 8 కాళ్ల మధ్య కెపాసిటర్ చూడండి, దాని కాళ్లు పొడుగ్గా ఉంటే కత్తిరించి దగ్గరికి తేండి. అయినా తగ్గకపోతే ప్రతి అవుట్‌పుట్‌కీ జాక్‌కీ మధ్య 47 ఓంలు పెట్టండి, శబ్దం కాస్త తగ్గుతుంది కానీ చిప్ కుదుటపడుతుంది. బుయ్‌మని మోగుతూ పాట్ ముట్టుకోగానే ఆగిపోతే, పాట్ లోహపు ఒంటిని గ్రౌండ్‌కి కలపండి.

రేకు డబ్బాలో బిగించాక ఒక చిక్కు వస్తుంది. బల్ల మీద చక్కగా పాడింది కాస్తా మూత వేయగానే శబ్దం చెడిపోతుంది. ఆడియో జాక్‌ల లోహం డబ్బాకి తగిలి డబ్బా అంతా గ్రౌండ్ అయి ఉంటుంది, ఛార్జింగ్ సాకెట్ పెట్టుకుని ఉంటే దాని లోహపు ఒంటి నుంచో, బోర్డు కింద పొడుచుకొచ్చిన కాలు నుంచో బ్యాటరీ మైనస్ కూడా అదే రేకుకి తగులుతుంది. దాంతో ఒకవైపు 4.5 వోల్టులూ షార్ట్. ప్లాస్టిక్ ఒళ్లున్న ఛార్జింగ్ సాకెట్ పెట్టండి, డబ్బా అడుగున మందపాటి అట్టముక్క పరవండి, మూత వేశాక జాక్ గ్రౌండ్ నుంచి బ్యాటరీ రెండు కొసలకీ మళ్లీ ఒకసారి కొలవండి.