టార్పాలిన్ షెడ్డుకి అసలు శత్రువు గాలి

ట్రాక్టర్‌కి పైపులతోనో కర్రలతోనో టార్పాలిన్ షెడ్డు వేసేటప్పుడు అందరికీ వాన గురించే టెన్షన్. కానీ ముందు చూసుకోవాల్సింది గాలిని. పట్టా కింద దూరిన గాలి షెడ్డు మొత్తాన్ని పైకి లేపేస్తుంది. కాళ్ల దగ్గర నాలుగు ఇటుకలు పెట్టి ఊరుకోకండి, అవి దేనికీ చాలవు. ప్రతి కాలికీ ఒక పొడవాటి ఇనుప మేకు ఏటవాలుగా, లోతుగా దిగగొట్టి తాడుతో బిగించండి. పట్టా వదులుగా ఉంటే టపటపా కొట్టుకుని పైపుల అంచుల దగ్గరే చిరుగుతుంది. ఆ అంచులకు పాత సైకిల్ ట్యూబు చుడితే చాలా రోజులు ఆగుతుంది.

కప్పుకి వాలు బాగా ఇవ్వండి. ఒక చదరపు మీటరు మేర 5 సెంటీమీటర్ల నీళ్లు నిలిచినా 50 కిలోల బరువు!

ఇంకో మాట. నాలుగు వైపులా బిగించి మూసేయకండి. నేలలోని తేమ రాత్రి చలికి పట్టా లోపలి వైపు చుక్కలు కట్టి, తిరిగి బండి మీదే రాలుతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. రెండు చివర్లా పైన జానెడు సందు వదలండి. మట్టి నేలైతే ప్లాస్టిక్ షీటు పరిచి, పైన కంకర పోయండి.