డొమైన్ మీ పేరు మీదే కొనండి
ఫొటోలు తీసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు సొంత వెబ్‌సైట్ పెట్టుకునేటప్పుడు డొమైన్‌ని (అంటే సైట్ అడ్రస్‌ని) మీ మెయిల్‌తో, మీ పేరు మీదే కొనండి. ఒంగోల్లో నాకు సైట్ చేసిపెట్టిన కుర్రాడు తన అకౌంట్లో కొన్నాడు. ఆ తర్వాత ఫోన్ నంబర్ మార్చేశాడు. రెన్యువల్ దగ్గరపడ్డప్పుడు నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

హోస్టింగ్‌కి, అంటే సైట్ ఫైళ్లను నెట్‌లో ఉంచడానికి, మొదట్లోనే డబ్బు పోయక్కర్లేదు. గిట్‌హబ్ పేజెస్ అనే సర్వీసులో సైట్ పెట్టుకోవడం ఉచితం. సొంత డొమైన్ తగిలించుకోవచ్చు, హెచ్‌టీటీపీఎస్ (సురక్షిత కనెక్షన్) కూడా వస్తుంది. సైట్ మొత్తం 1 జీబీ దాటకూడదు. ఉచిత ఖాతాలో సైట్ ఫైళ్లన్నీ అందరికీ కనిపిస్తాయి కాబట్టి ఒరిజినల్స్ మాత్రం ఎక్కించొద్దు. పొడవు వైపు 2000 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు ఫొటో ఫార్మాట్‌లో సేవ్ చేయండి. కొత్తపట్నం బీచ్‌లో తీసిన నా ఫొటో 12 ఎంబీ ఉండేది, ఇలా చేస్తే 400 కేబీకి దిగింది. పెళ్లి ఫొటోలైతే ఆ ఇంటివాళ్లను అడిగే పెట్టండి.